గోడను తాకే ఆ ఒక్క వేలు

డెబ్బై నాలుగేళ్ల తల్లి గురించి ఓ కూతురు రాసిన పెద్ద ఉత్తరం ఇది. తల్లి కొడుకు దగ్గర ఉంటారు. ఉత్తరం రాసినావిడ వేరే ఊళ్లో ఉంటూ నెలకోసారి వచ్చి రెండు మూడు రోజులుండి వెళ్తారు. ఎనిమిది నెలల కిందట అమ్మ స్నానాల గదిలో జారి పడ్డారు. ఎముకలేవీ విరగలేదు. తుంటి మీద కమిలిన చోటు మూడు వారాల్లో మామూలైపోయింది. లోపల గడియ వేసి ఉండటం, ఇంట్లో ఎవరూ లేకపోవడం వల్ల గంటన్నర సేపు నేల మీదే పడి ఉన్నారట.

అప్పటి నుంచి ఆవిడ మెట్లు దిగడం లేదు. పక్కవీధిలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లడం మానేశారు. తలుపు బయట ఎవరో ఒకరు నిలబడితే తప్ప స్నానానికి వెళ్లరు. ఇంట్లో నడిచేటప్పుడు గోడను ఒక్క వేలితో రాసుకుంటూ నడుస్తారు. నిద్ర పట్టడం లేదంటే ఒక నిద్రమాత్ర మొదలుపెట్టారు. రాత్రి లేచినప్పుడు కాస్త తల తిరిగినట్టుంటుందని ఈ మధ్య అంటున్నారు. కొడుకు చక్రాల కుర్చీ కొన్నారు, ఒంటరిగా అడుగు వేయనివ్వరు. ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్తే మూడు మీటర్లు నడిపించి 17 సెకన్లు పట్టిందన్నారు. 16 ప్రశ్నల కాగితం నింపించి, మొత్తం 19 వచ్చింది కాబట్టి "భయం తక్కువే" అన్నారు.

ఆవిడ అడుగుతున్నవి మూడు. "స్కోరులో భయం లేదు, ఎక్స్‌రేలో దెబ్బ లేదు. మరి అమ్మ నటిస్తోందా? ఒక్క వేలు మనిషి బరువు మోస్తుందా? చెయ్యి వదిలేసి బలవంతంగానైనా నడిపించాలని నేను, కదలనివ్వకూడదని అన్నయ్య. మాలో ఎవరిది సరైనది?"

*

మీ అమ్మగారు నటించడం లేదు. మీ ఉత్తరంలోనే దానికి ఆధారాలున్నాయి. ముందు ఆ వేలి సంగతి చూద్దాం, ఎందుకంటే మీ అనుమానమంతా అక్కడి నుంచే మొదలైనట్టుంది.

ఒక్క వేలు బరువు మోయదన్నది నిజమే. కానీ ఆవిడ గోడను తాకుతున్నది బరువు ఆన్చడానికి కాదు. ఒళ్లు నిటారుగా ఉందో, ఏ పక్కకైనా ఒరుగుతోందో మెదడుకు మూడు దారుల్లో తెలుస్తుంది: ఒకటి కళ్లు, రెండు లోపలి చెవి, మూడు పాదాల నుంచీ కీళ్ల నుంచీ వచ్చే స్పర్శ. వయసుతో ఈ మూడూ కొంత మందగిస్తాయి. కదలని వస్తువును వేలి కొసతో తాకితే నాలుగో దారి దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు కళ్లు మూసుకుని నిలబడి వేలితో ఊరికే తాకినా ఒళ్లు ఊగడం తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. ఆ తాకిడి ఒంటి బరువును ఆపలేనంత తేలికైనది, అయినా పనిచేస్తుంది. కాబట్టి గోడ మీద వేలు కనబడితే నటన అనుకోకండి. "నా పాదాలు చెప్పేది నాకు చాలడం లేదు" అని ఒళ్లు చెబుతోందని అనుకోండి. అది భయం వల్ల కావచ్చు, పాదాల్లో స్పర్శ తగ్గడం వల్ల కావచ్చు, రెండూ కావచ్చు. తేల్చుకోవాల్సింది అదే.

ఇక 19 సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఆ కాగితం పడిపోతానన్న ఆందోళనను కొలిచే అంతర్జాతీయ ప్రశ్నావళి. దీనికి మూలం 1990లో అమెరికా వైద్యురాలు మేరీ టినెటీ, ఆమె సహచరులు తయారుచేసిన పది ప్రశ్నల కొలమానం. అందులో ఇంటి లోపలి పనులే ఎక్కువ. 2005లో యూరప్ పరిశోధకులు దాన్ని 16కు పెంచి, వాలు మీద నడవడం, గతుకుల నేల, జారే నేల, జనం మధ్య నడవడం, నలుగురూ కలిసే చోటికి వెళ్లడం వంటివి చేర్చారు. ప్రతి పనికీ "ఇది చేసేటప్పుడు పడిపోతానని మీకు ఎంత ఆందోళనగా ఉంటుంది?" అని అడుగుతారు. అస్సలు లేదంటే 1, కొంచెం అంటే 2, బాగానే అంటే 3, చాలా అంటే 4. మొత్తం 16 నుంచి 64 దాకా ఉంటుంది. 16–19 తక్కువ, 20–27 మధ్యస్థం, 28 ఆపైన ఎక్కువ. "భయం" అనకుండా "ఆందోళన" అన్నది కావాలనే. భయమా అని అడిగితే చాలామంది పెద్దవాళ్లు చిన్నతనంగా భావించి లేదనేస్తారు.

ఈ కాగితానికి ఒక షరతు ఉంది, తొందరలో చాలాచోట్ల వదిలేసేది అదే. "ఈ పని మీరిప్పుడు చేయకపోతే, చేయాల్సి వస్తే ఎంత ఆందోళనగా ఉంటుందో ఊహించి చెప్పండి" అని ప్రతి ఒక్కరికీ ముందుగా చెప్పాలి. అది చెప్పకపోతే ఏమవుతుందో మీ అమ్మగారి కాగితమే సాక్ష్యం. మీరు రాసి పంపిన జవాబుల్లో మెట్లు, జారే నేల, జనం, గతుకులు, వాలు, నలుగురూ కలిసే చోటు, ఈ ఆరింటికీ ఆవిడ 1 వేశారు. మెట్ల దగ్గర ఆవిడ అన్న మాట మీరే రాశారు: "నేను దిగనే దిగనుగా, ఇంకేం భయం?" ఆవిడ అబద్ధం చెప్పలేదు, అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పారు. స్నానానికి 3, పైనున్న వస్తువో కిందున్న వస్తువో అందుకోవడానికి 2, మిగిలిన ఎనిమిదింటికీ 1. మొత్తం 19. ఆ ఆరు పనులకూ ఊహించి చెప్పమంటే 3 చొప్పున వచ్చినా మొత్తం 31, నాలుగేసి వస్తే 37. రెండూ "ఎక్కువ" కిందకే వస్తాయి. భయం ఎంత పెరిగితే మనిషి అంత ఎక్కువ పనులు మానేస్తారు. మానేసిన పనికి భయం కనబడదు. ఈ మెలిక తెలియకుండా కూడితే, అందరికన్నా ఎక్కువ భయపడినవాళ్లకే తక్కువ స్కోరు వస్తుంది.

అందుకని ఆ కాగితాన్ని మళ్లీ నింపించండి. మీ అన్నయ్యగానీ మీరుగానీ పక్కన కూర్చోకుండా చూడండి. కొడుకు ఎదురుగా ఉంటే "నాకేం భయం లేదు నాయనా" అనడానికీ, కూతురు ఎదురుగా ఉంటే ఇంకోలా అనడానికీ కారణాలుంటాయి. ఆవిడ తరఫున మీరు నింపితే అది ఆవిడ భయం కొలత అవదు, మీ భయం కొలత అవుతుంది. ప్రతి ప్రశ్న పక్కన మరో గడి గీసి, ఆ పని "చేస్తున్నాను", "ఎవరైనా ఉంటే చేస్తాను", "మానేశాను" అని మూడింటిలో ఒకటి రాయించండి. అధికారిక కాగితంలో ఈ గడి ఉండదు. నా ఉద్దేశంలో స్కోరు కన్నా ఈ గడే ఎక్కువ చెబుతుంది. 16 ప్రశ్నలకు ఓపిక లేకపోతే ఏడు ప్రశ్నల చిన్న రూపం ఉంది: బట్టలు వేసుకోవడం, స్నానం, కుర్చీలో లేవడం కూర్చోవడం, మెట్లు, అందుకోవడం, వాలు, నలుగురూ కలిసే చోటు. దానికి 7–8 తక్కువ, 9–13 మధ్యస్థం, 14 ఆపైన ఎక్కువ. చదవడం, ఊహించడం కష్టమైనవాళ్లకు బొమ్మలతో అడిగే రకం కూడా ఉంది.

"మరి భయం ఎక్కువని తేలితే నేనన్నదే నిజం కదా, ఇదంతా మనసులోదే కదా" అని మీకు అనిపించవచ్చు. అక్కడ ఆగండి. ఆ 17 సెకన్లు మీ వాదనకు అడ్డం వస్తాయి.

చేతులున్న కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలు వేగంతో నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడం ఆ పరీక్ష. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే జాగ్రత్తగా చూడాలని అమెరికా వ్యాధి నివారణ కేంద్రం చెబుతుంది. వృద్ధులు పడిపోకుండా చూడటం మీద 2022లో వచ్చిన ప్రపంచ మార్గదర్శకాలు 15 సెకన్లు దాటడాన్ని గీతగా తీసుకున్నాయి. 17 రెండు గీతలూ దాటింది. "ఈ వయసుకు ఇది మామూలే" అని కొట్టిపారేసేది కాదు. అలాగని కాళ్లలో బలం లేదనీ వెంటనే అనలేం, ఎందుకంటే భయమే నడకను నెమ్మది చేస్తుంది. భయపడిన మనిషి అడుగులు కురచగా వేస్తారు, చీలమండలు బిగిస్తారు, రెండు పాదాలూ నేల మీద ఉండే సమయం పెంచుతారు, చూపు పాదాల ముందే పెడతారు. ఈ ఒక్క పరీక్షతో భయాన్నీ బలహీనతనూ విడదీయలేం.

విడదీయడానికి మరో రెండు కావాలి. మొదటిది కుర్చీలోంచి లేవడం. చేతుల్లేని, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. ఆవిడ వయసు ఆడవాళ్లకు పది కన్నా తగ్గితే తొడల బలం తగ్గినట్టు. చేతులు ఆన్చి లేస్తే లెక్క సున్నా. ఇందులో నడక లేదు, వెనక కుర్చీ ఉంది కాబట్టి భయం పాత్ర తక్కువ. రెండోది నిలబడటం: పాదాలు పక్కపక్కన, తర్వాత ఒకటి కొంచెం ముందుకు, తర్వాత ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా ఒకే వరసలో, చివరికి ఒంటికాలి మీద, ఒక్కోటి పది సెకన్లు. మూడో నిలుపు పది సెకన్లు నిలవకపోతే పడే అవకాశం ఎక్కువని అర్థం. ఇవి ఫిజియోథెరపిస్టు దగ్గర చేయించడమే మంచిది. ఇంట్లో చూడాలనుకుంటే గట్టి బల్ల పక్కన, వెనక కుర్చీ పెట్టి, మీరు చెయ్యి చాపితే అందేంత దగ్గర నిలబడి చేయించండి. ఒంటికాలి నిలుపు మాత్రం వద్దు.

ఇప్పుడు రెండు కొలతలు చేతికొస్తాయి: ఎంత భయపడుతున్నారు, నిజంగా ఎంత పడే అవకాశం ఉంది. ఈ రెండూ ఎప్పుడూ జతగా ఉండవు. 2010లో ఆస్ట్రేలియాలో కిమ్ డెల్‌బేర్ బృందం వృద్ధులను ఇలాగే రెండు రకాలుగా కొలిచి చూస్తే, చాలామందిలో రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. సుమారు మూడోవంతు మందిలో మాత్రం సరిపోలేదు. ఒంట్లో సత్తువ ఉండీ భయపడేవాళ్లు కొందరు, పడే అవకాశం బాగా ఉండీ భయం లేనివాళ్లు కొందరు. ఈ రెండో రకం గురించి ఉత్తరాలు రావు, ఎందుకంటే వాళ్లు స్టూలెక్కి అటక మీద వస్తువులు దించుతూ ఉంటారు.

మీ అమ్మగారి కాలి బలం, నిలుపు బాగుండి స్కోరు ఎక్కువ వస్తే, మీరన్నట్టు ప్రధానంగా భయమే. అప్పుడు చేయాల్సింది భయానికి. రెండూ బాగోలేకపోతే భయం తప్పు కాదు, ఒంటి నుంచి వచ్చిన సరైన సమాచారం. అక్కడ బలం పెంచకుండా భయం పోగొట్టడం ప్రమాదం. నా ఊహ ఆవిడ ఈ రెండింటి మధ్య ఉన్నారని. పడిన రోజు కాళ్లు బాగానే ఉండి ఉండవచ్చు, కానీ ఎనిమిది నెలలు మెట్లు దిగని కాళ్లు ఆ కాళ్లే కావు. ఇందులో మీ మాటా సగం నిజమే, అన్నయ్య మాటా సగం నిజమే.

భయం జోలికి వెళ్లేముందు డాక్టరుతో రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది ఆ నిద్రమాత్ర. నిద్రమాత్రల్లో చాలా రకాలు రాత్రి లేచినప్పుడు తూలిపోయేలా చేస్తాయి, తెల్లవారాక కూడా మందకొడితనం మిగులుస్తాయి. పడతానన్న భయంతో నిద్ర పోయింది, నిద్ర కోసం వేసుకున్నది పడే అవకాశం పెంచుతోంది. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. కొన్ని రకాలు ఒక్కసారిగా ఆపితే నిద్ర ఇంకా పాడవుతుంది, ఒంటికి వేరే ఇబ్బందులూ వస్తాయి. ఎలా తగ్గించాలో రాసిచ్చినవారినే అడగండి. వెళ్లేటప్పుడు బీపీ మాత్రలతో సహా ఆవిడ వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి.

రెండోది లేచినప్పుడు తల తిరగడం. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి, లేపి నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే నిలబడగానే రక్తపోటు తగ్గుతోందన్నమాట. కూర్చోబెట్టి ఒక్కసారి చూసి "బీపీ బాగుంది" అంటే ఈ విషయం తెలియదు. పక్క మీద దొర్లినప్పుడో తల పైకెత్తినప్పుడో గిర్రున తిరిగితే అది వేరు. లోపలి చెవిలోని సన్నని కణికలు చోటు తప్పడం వల్ల కావచ్చు, తలను వరసగా కొన్ని భంగిమల్లో తిప్పితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఎలా తిరుగుతోందో, ఎంతసేపు తిరుగుతోందో ఆవిడ మాటల్లోనే రాసుకుని వెళ్లండి. పాదాల స్పర్శ, కంటి శుక్లాలు, ఎముకల సాంద్రత కూడా ఈ చుట్టులోనే చూపించేయండి. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే అద్దం ఉన్న కళ్లజోడు పెట్టుకుంటుంటే, మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూడటం వల్ల మెట్టు అంచు మసకగా కనబడుతుంది. బయట నడవడానికి దూరపు చూపుకే విడి జోడు మేలు. పడినప్పుడు స్పృహ తప్పి పడ్డారా, జారి పడ్డారా అన్నది కూడా డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. స్పృహ తప్పి ఉంటే దారి గుండె పరీక్షల వైపు తిరుగుతుంది.

ఇప్పుడు మీరు ఒకే వాక్యంలో దాటేసిన గంటన్నర దగ్గరికి వద్దాం.

ఆవిడ దేనికి భయపడుతున్నారని మీలో ఎవరైనా అడిగారా? "పడతావని భయమా?" అని కాదు. "పడితే ఏమవుతుందని?" అని. ఈ ప్రశ్నకు ఒక్కొక్కరి జవాబు ఒక్కోలా ఉంటుంది. ఒకరికి తుంటి విరుగుతుందని, ఒకరికి నలుగురిలో నవ్వులపాలవుతానని, ఒకరికి పిల్లలకు భారమవుతానని. మీ అమ్మగారికి దెబ్బ పెద్దగా తగల్లేదు. తగిలింది గంటన్నర. మూసిన తలుపు వెనక, లేవలేక, ఎవరికీ వినపడక గడిపిన గంటన్నర. ఇప్పుడు స్నానానికి వెళ్లేటప్పుడు ఆవిడ ఎవరినీ లోపలికి రమ్మనడం లేదు, తలుపు బయట నిలబడమంటున్నారు. చెయ్యి పట్టుకునేవాళ్లు అక్కర్లేదు, పిలిస్తే పలికేవాళ్లు కావాలి. నేను తప్పు కావచ్చు, మీరే నెమ్మదిగా అడిగి చూడండి. కానీ అదే నిజమైతే చక్రాల కుర్చీ ఆ భయాన్ని తాకను కూడా తాకదు.

దానికి మూడు పనులున్నాయి. లోపలి గడియ తీసేసి, బయటి నుంచి కూడా తెరవగలిగే తాళం పెట్టించండి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తెరుచుకునేలా మార్పించండి. లోపల పడిన మనిషి తలుపుకు అడ్డం పడితే తెరవలేరు. రెండోది, ఒంటి మీదే ఉండే పిలుపు సాధనం. మెడలో వేసుకునే మీట కావచ్చు, చేతికి కట్టుకునేది కావచ్చు, తడిసినా పనిచేసేదై ఉండాలి. అరుగు మీద పెట్టిన ఫోను నేల మీద పడినవాళ్లకు అందదు. మూడోది అందరూ మర్చిపోయేది: నేల మీద నుంచి లేవడం నేర్పించడం.

నొప్పి లేదని, కాళ్లు రెండూ కదులుతున్నాయని చూసుకున్నాకే లేవాలి. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉంటే, ఒక కాలు కురచైనట్టో పక్కకు తిరిగినట్టో ఉంటే కదలకూడదు, పిలవాలి. బాగుంటే, ఒక పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీదికి రావాలి. దగ్గరున్న గట్టి కుర్చీ దాకా పాకి, దాని మీద రెండు చేతులూ ఆన్చి, బలమైన కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేల మీద పెట్టి, చేతులతో, ఆ కాలితో కలిపి నెట్టి లేచి, మెల్లగా తిరిగి కూర్చోవాలి. నేర్పించేది మాత్రం తిరగేసిన వరసలో, చివరి మెట్టు నుంచి వెనక్కి. ముందే నేల మీద పడుకోబెడితే భయంతో బిగుసుకుపోతారు. మొదట కుర్చీ ముందు ఒక మోకాలు కిందికి దించి మళ్లీ లేవడం, అది వచ్చాక రెండు మోకాళ్లు, ఆ తర్వాత చేతులూ మోకాళ్ల మీద, ఆపైన పక్కకు కూర్చోవడం, అన్నిటికన్నా చివర పడుకోవడం. ఒక్కో మెట్టు కుదిరాకే కిందిది. మందపాటి పరుపు మీద, ఫిజియోథెరపిస్టు ఎదురుగా. మోకాళ్లు అరిగినవాళ్లకు ఈ దారి కష్టం, వాళ్లకు పిరుదుల మీద జరుగుతూ వెళ్లి ఎత్తు తక్కువ పీట మీదికి, అక్కడి నుంచి కుర్చీ మీదికి చేరే పద్ధతి చూపిస్తారు. లేవడం రాకపోయినా, సాయం వచ్చేదాకా ఏం చేయాలో తెలిస్తే అదీ పనికొస్తుంది: పక్కకు దొర్లుతూ ఒకే చోట బరువు పడకుండా చూసుకోవడం, అందిన గుడ్డ కప్పుకోవడం, చప్పుడు చేయడం.

ఇక మీ ముందున్న దారులు. అన్నయ్య దారిలోనే వెళ్తే, అంటే ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టుకుని నడిపిస్తే, రాబోయే రెండు మూడు నెలల్లో పడే అవకాశం నిజంగానే తక్కువ. అందుకే ఆ దారి సబబుగా కనబడుతుంది. ఆ తర్వాత లెక్క మారుతుంది. వాడని కాళ్లు నెలనెలా సన్నబడతాయి, పట్టుకునే చెయ్యి ఒక్కరోజు లేకపోతే ఆ రోజే పడతారు. పైగా అడుగడుగునా "జాగ్రత్త, జాగ్రత్త" అనే మాట వింటున్నవాళ్లకు అర్థమయ్యేది "నువ్వు పడతావు" అనే. ఆ మాట బదులు పనికొచ్చే మాట చెప్పండి: "ముందు గడప ఉంది", "ఎడమ పక్క నేల తడిగా ఉంది". కుర్చీని పారేయనక్కర్లేదు, దూరం వెళ్లాల్సినప్పుడు తీసుకెళ్లండి. మీ పిన్నిగారి వీధి మొదటిదాకా అందులో వెళ్లి, గుమ్మం దాకా నడవవచ్చు. ఇంట్లో మాత్రం దాన్ని మడిచి పెట్టండి.

మీ దారి, అంటే చెయ్యి వదిలేసి నడవమనడం, ఒక్కోసారి పనిచేస్తుంది. పనిచేయని రోజు నష్టం పెద్దది. భయం పతాక స్థాయిలో ఉండగా ఒక్కసారి తూలితే, "చూశారా, నేను చెప్పాను కదా" అని ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత గదిలోంచి కదిలించడానికి నెలలు పడుతుంది. మిమ్మల్ని చూస్తేనే బెదిరిపోయే ప్రమాదమూ ఉంది. నెలకు మూడు రోజులు వచ్చే మీరు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

మధ్యలో ఇంకో దారి ఉంది, నెమ్మదిది. మానేసిన పనుల జాబితా రాయించి, ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా భయం అంకె ఆవిడనే వేయమనండి. పది వేసిన దాన్ని ముట్టుకోవద్దు. మూడో నాలుగో వేసిన దానితో మొదలుపెట్టాలి. గుమ్మం దాటి వరండాలో పది అడుగులు వేయడం నాలుగు అనుకుందాం. రోజూ అదే, అదే చోట, భయం సగానికి తగ్గేదాకా. భయం బాగా ఉన్న క్షణంలో వెనక్కి తేవద్దు. అక్కడే నిలబెట్టి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, అది కాస్త దిగాక లోపలికి రండి. భయం శిఖరం మీద ఉన్నప్పుడు తప్పించుకుంటే, తప్పించుకోవడం వల్లే బతికానని మనసు నమ్ముతుంది. ఆ పని కుదిరాక మార్చేది ఒక్కటే విషయం: దూరమో, మీరు నిలబడే చోటో. రెండూ ఒకేసారి మార్చకండి. నిలబడే చోటుకూ వరస ఉంది. మొదట నడుముకు కట్టిన వెడల్పాటి పట్టీ వెనక నుంచి పట్టుకోవడం, తర్వాత పట్టుకోకుండా చెయ్యి దగ్గరగా ఉంచడం, తర్వాత ఒక బారెడు దూరం, ఆ తర్వాత పక్కగది. ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకుని లాగుతూ నడిపించే అలవాటు ఉంటే మానేయండి. ఒంటి బరువు ముందుకు పడి, ఆవిడ నిజంగానే పట్టు తప్పుతారు. చంకలో చెయ్యేసి ఎత్తి పట్టుకోవడమూ అంతే, పాదాల మీద బరువు తెలియకుండా పోతుంది. కాస్త వెనగ్గా, బలహీనమైన కాలి పక్కన ఉండండి.

దీనితో పాటే బలం, నిలుపు పెంచే వ్యాయామాలు నడవాలి. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 సమీక్షలో తేల్చిన ప్రకారం ఇంట్లో ఉండే వృద్ధుల్లో వ్యాయామం పడిపోవడాన్ని సుమారు 23 శాతం తగ్గిస్తుంది. అందులో నిలుపుకు సవాలు విసిరేవే ముఖ్యం. కూర్చుని కాళ్లూపడం చాలదు. న్యూజిలాండ్‌లో రూపొందిన ఒటాగో పద్ధతి ఇంట్లో చేసుకునేది: చీలమండకు కట్టే బరువులతో మోకాలు చాపడం, మడమలెత్తడం, బల్ల పట్టుకుని పక్కకు నడవడం, కుర్చీలోంచి లేవడం, ఇలాంటివి వారానికి మూడు రోజులు అరగంట చొప్పున, అది కాక వీలైతే వారానికి రెండు రోజులు నడక. బరువు ఎంతో, పట్టు ఎప్పుడు వదలాలో ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి. మీ అమ్మగారి విషయంలో వాళ్లు చేయాల్సిన అసలు పని అది. కాగితం నింపడం కాదు. నెమ్మది కదలికల చైనా వ్యాయామం తాయ్ చీ నేర్పేవాళ్లు దొరికితే అదీ మంచిదే. కానీ వ్యాయామం ఒక్కటే భయాన్ని కొంతవరకే తగ్గిస్తుంది. తక్కువ భయం ఉన్న పనితో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా వెళ్లే పై పద్ధతి కూడా ఉండాలి. నిద్ర, ఆకలి పోయి, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే కుంగుబాటు కూడా కలిసిందేమో చూపించాలి. దానికి విడిగా చికిత్స ఉంది, ఆలోచనా విధానాన్ని మార్చే సంభాషణ చికిత్స పడే భయానికీ పనిచేస్తుంది.

చేతికర్ర ఇవ్వాలా అని మీరు అడగలేదు, కానీ ఆ వేలిని చూస్తుంటే ఆ ప్రశ్న వచ్చి తీరుతుంది. కర్ర ఆ వేలి పనిని గోడ లేని చోటుకు తీసుకెళ్తుంది. చెప్పులేసుకుని నిలబడి చేతులు వదిలేసినప్పుడు మణికట్టు మడత దగ్గరికి దాని పిడి రావాలి. ఒక కాలు బలహీనమైతే దానికి ఎదురు చేతిలో పట్టాలి. ఎత్తెక్కువ కర్ర భుజాన్ని లేపేస్తుంది, పొట్టిది ముందుకు వంచేస్తుంది. కింద రబ్బరు అరిగితే మార్చాలి, అరిగిన కర్ర ఉండటం కన్నా లేకపోవడం నయం. కొందరు కర్ర చేతికివ్వగానే "నా పని అయిపోయింది" అనుకుంటారు. ఆవిడకు ఇష్టం లేకపోతే ఇంట్లో నడిచే దారి పొడవునా కడ్డీ బిగించడం అంతకన్నా సులువు. స్నానాల గదిలో మాత్రం కడ్డీలు ఎలాగూ కావాలి, గోడకు మరలతో బిగించినవి. గాలి పీల్చి అతుక్కునే రకం బరువు పడితే ఊడిపోతుంది.

వీటిలో ఏది ముందన్నది మీరు, అన్నయ్య తేల్చుకునేది కాదు. పని మానేసిన గడులున్న ఆ కాగితాన్ని ఆవిడ ముందు పెట్టి, "ఇందులో నీకు తిరిగి కావాల్సింది ఏది?" అని అడగండి. మీరు మెట్లు అనుకుంటూ ఉండవచ్చు. ఆవిడ తలుపు బయట ఎవరూ లేకుండా స్నానం చేయడమే చాలనవచ్చు. చెల్లెలి ఇల్లు అనవచ్చు. ఏదంటే దానితోనే మొదలుపెట్టండి. ఆ గడియ మాత్రం ఎవరినీ అడగకుండా ఈ వారమే మార్పించండి.

రెండు నెలల తర్వాత అదే 16 ప్రశ్నలు మళ్లీ అడిగించండి, ఆ షరతు చెప్పి, అదే మనిషి చేత. అప్పుడు స్కోరు తగ్గకపోగా ఒకటి రెండు పెరిగితే కంగారు పడకండి. ఎనిమిది నెలలుగా చేయని పనికి ఊహించి వేసిన అంకెకూ, నిజంగా మూడు మెట్లు దిగి చూశాక వేసిన అంకెకూ తేడా ఉంటుంది. ఆ పక్క గడిలో "మానేశాను" అన్నవి ఎన్ని "ఎవరైనా ఉంటే చేస్తాను"లోకి మారాయో అది లెక్కపెట్టండి.